చీజ్‌ని కప్పుతో కొలుస్తున్నారా? ఈ కిచెన్ స్కేల్ చూశాక మానేస్తారు!

నమస్తే అండీ! ఈ కిచెన్ స్కేల్‌ని కంపెనీ వాళ్లే రివ్యూకి ఉచితంగా పంపారు, ముందే చెప్పేస్తున్నా. ఎంత బరువు మోస్తుంది, బ్యాటరీ ఏంటి లాంటివన్నీ ఈపాటికే ఎక్కడో చూసుంటారు, వాటి జోలికి నేను పోను. నాకు కావాల్సింది ఒక్కటే. మెత్తటి చీజ్‌తో ఇది ఎలా ఉంటుంది?

ఒక రెసిపీ గ్రాముల్లో చెప్తుంది, ఇంకోటి కప్పుల్లో. ఆ కప్పయినా ఒకటేనా? అమెరికాది దాదాపు 237 మి.లీ., ఆస్ట్రేలియాది 250. అమెరికా కప్పే తీసుకుందాం. క్రీమ్ చీజ్ సుమారు 230 గ్రాములు పడుతుంది, రికోటా 245 దాకా వస్తుంది. మేక పాల చీజ్‌ని చిదిపి వేశామా, మధ్యలో సగం గాలే, 115 దగ్గర ఆగిపోతుంది!

ఇప్పుడు నాకు ఒళ్లుమండిన విషయం. దీనికి మి.లీ. బటన్ ఒకటుంది. కప్పు నిండా చిదిపిన ఆ చీజ్‌నే పెట్టి నొక్కాను. చూడండి స్క్రీన్ మీద, 115 మి.లీ. అట! కప్పేమో అంచుదాకా నిండే ఉంది. అసలు స్కేల్‌కి తెలిసేది బరువొక్కటే కదండీ. పైన ఉన్నవి నీళ్లే అనుకుని లెక్క కట్టేస్తోంది. పాలకి ఇంకో మోడ్ ఇచ్చారు, చీజ్‌కి అదీ పనికిరాదు. పెట్టె మీద మాత్రం ‘అన్నిటికీ’ అని పెద్ద అక్షరాలు. చీజ్ దగ్గర ఆ బటన్ ముట్టుకోకండి, అంతే.

ఔన్సులతోనూ జాగ్రత్త. క్రీమ్ చీజ్ ప్యాకెట్ మీద 8 ఔన్సులంటే బరువు, 227 గ్రాములు. 8 ఫ్లూయిడ్ ఔన్సులంటే ఒక కప్పు. క్రీమ్ చీజ్‌కి ఈ రెండూ ఇంచుమించు కలిసిపోతాయి, అందుకే చాలామంది రెండూ ఒకటే అనుకుంటారు. విప్ చేసిన, అంటే గాలి చేరేలా గిలకొట్టిన క్రీమ్ చీజ్ తీసుకోండి, తెలిసిపోతుంది. మామూలుది టేబుల్ స్పూన్‌కి 14, 15 గ్రాములు తూగితే, ఇది పదే.

ఇక నేను పడిపోయిన ఫీచర్! డబ్బాని మూతతీసి అలాగే స్కేల్ మీద పెట్టండి. టేర్ బటన్ నొక్కితే డబ్బా బరువుతో సహా అంతా సున్నా. ఇప్పుడు చెంచాతో తీసి గిన్నెలో వేసుకుంటూ పోండి. మైనస్ 60, మైనస్ 140, మైనస్ 200... అంటే 200 గ్రాములు తీసేశాం, చాలు, ఆపేయొచ్చు. కప్పు అక్కర్లేదు, కప్పు అంచులు గీక్కునే పనీ లేదు. దీనికి ముందు నేను కిందనుంచి తోసే ప్లంజర్ కప్పు వాడేదాన్ని. జిగురు పదార్థాలకి అది మంచిదే కానీ, కడగడానికి విడదీయాలి, ఆ రబ్బరు వాషర్ సందులో మస్కర్‌పోనే లాంటి మెత్తటి చీజ్ ఇరుక్కుంటే వదలదు బాబోయ్. చాలా స్కేళ్లు మైనస్ చూపిస్తాయి, నిజమే. కానీ దీంట్లో అంకెలు చెంచా తీసీతీయగానే మారిపోతున్నాయి, నా పాతదాంట్లో అంకె కుదురుకునేదాకా చెంచా పట్టుకుని నిలబడాల్సి వచ్చేది.

ఒక్కటే చిరాకు. చెంచాకి అంటుకున్నది గీకుతూ కాస్త ఆగామా, స్కేల్ ఆఫ్! లెక్క మొత్తం పోతుంది. ఆ టైమ్ పెంచుకునే సెట్టింగ్ ఎంత వెతికినా కనిపించలేదు. అయినా సరే, మైనస్ తూకం కోసమే కొనుక్కోమంటాను. గీకడాలు మాత్రం తూకం అయ్యాక పెట్టుకోండి.