ఎలక్ట్రిక్ స్కూటర్ బీప్ బీప్‌మంటోందా? ముందు ఎప్పుడు మోగుతోందో చూడండి

[శబ్దం: మూడు బీప్‌లు. తెర మీద ఆగి ఉన్న స్కూటర్ డిస్‌ప్లే.]

విన్నారు కదా. బండి ఆన్ చేయగానే ఇలా మోగుతుంది, ఎక్సలేటర్ తిప్పితే కదలదు. బ్యాటరీ పోయిందేమోనని కొందరు కంగారుపడతారు. ఇంకొందరు ఆ మోత భరించలేక బజర్ వైరు పీకించేస్తారు. అది మాత్రం దయచేసి చేయకండి. పెట్రోలు బండికి ఏదైనా తేడా వస్తే ఇంజను శబ్దం మారుతుంది, పొగ మారుతుంది, వాసన వస్తుంది. ఎలక్ట్రిక్ బండిలో అవి దాదాపు ఉండవు. లోపల ఏం జరుగుతోందో మనకు తెలిసేది డిస్‌ప్లే వల్ల, ఆ బజర్ వల్ల.

ఇంకో మాట. ఎన్ని బీప్‌లు వస్తే ఏ సమస్య అని ఎక్కడో చూసిన పట్టికను మీ బండికి అన్వయించుకోకండి. ఏ కంపెనీ లెక్క ఆ కంపెనీదే. ఒకే కంపెనీలో మోడల్ మారినా లెక్క మారొచ్చు. నా దగ్గరికి బండి వస్తే నేను ముందు అడిగేది, అది ఎప్పుడు మోగింది అని. నిలబడి ఉన్నప్పుడా, నడుస్తున్నప్పుడా, చార్జింగ్‌లోనా? అది తెలిస్తే వెతకాల్సిన చోటు సగానికి సగం తగ్గిపోతుంది.

[తెర మీద: బండి కదలకముందు]

ఇక్కడ మొదటి అనుమానం సైడు స్టాండు మీదే. స్టాండు కిందికి ఉంటే మోటారుకు కరెంటు అందకుండా ఒక స్విచ్ ఆపుతుంది. వానాకాలంలో బురద చేరినా, స్టాండు స్ప్రింగు వదులైనా, మీరు స్టాండు తీసేసిన సంగతి ఆ స్విచ్‌కి తెలియదు. బండిని సెంటర్ స్టాండు వేసి, తాళం ఆన్ చేసి, సైడు స్టాండును చేత్తో పూర్తిగా పైకి నొక్కి పట్టుకోండి. డిస్‌ప్లే మీద స్టాండు గుర్తు పోయి, వదలగానే మళ్లీ వస్తోందా? అయితే లోపం అక్కడే. ఇది చూసేటప్పుడు ఎక్సలేటర్ జోలికి వెళ్లొద్దు. తర్వాత బండి ఆఫ్ చేసి, పాత బ్రష్‌తో, మగ్గు నీళ్లతో మట్టి కడగండి. ప్రెషర్ వాటర్ మాత్రం కొట్టించొద్దు, నీళ్లు కప్లర్లలోకి, అంటే వైర్లు కలిసే జాయింట్లలోకి దూరతాయి.

"ఆ స్విచ్ వైర్లు రెండూ కలిపేస్తే అయిపోతుంది కదన్నా" అని అడిగేవాళ్లు ఉంటారు. బండి కదులుతుంది, నిజమే. కానీ స్టాండు తీయడం మరిచి రోడ్డెక్కిన రోజు, ఎడమవైపు మలుపులో స్టాండు నేలకు తగిలి బండి పడిపోతుంది. వెనక పిల్లల్ని కూర్చోబెట్టుకుని తిరిగే బండి అది. నేను ఆ పని చేయను, మీరూ చేయించుకోకండి.

[క్లోజప్: బ్రేకు లివరు, వెనక లైటు]

రెండోది బ్రేకు స్విచ్. బ్రేకు పట్టగానే మోటారుకు కరెంటు ఆగిపోయేలా చాలా బండ్లలో ఏర్పాటు ఉంటుంది. లివరు దగ్గరి చిన్న స్విచ్ ఇరుక్కుపోతే, మీరు బ్రేకు పట్టకపోయినా పట్టినట్టే బండి అనుకుంటుంది. చూడటం తేలిక. చీకటి పడ్డాక బండి వెనక భాగాన్ని గోడ వైపు పెట్టండి. లివరు ముట్టుకోకుండానే గోడ మీద బ్రేకు లైటు ఎర్రగా పడుతుంటే స్విచ్ ఇరుక్కుందన్నమాట. లివరును నాలుగైదుసార్లు గట్టిగా పట్టి వదిలి చూడండి. మారకపోతే స్విచ్ మార్చాల్సిందే, అది చిన్న పనే.

ఎక్సలేటర్ కాస్త తిప్పి ఉండగా తాళం ఆన్ చేసినా కొన్ని బండ్లు మోగి మొరాయిస్తాయి. ఆఫ్ చేసి, చెయ్యి తీసి, మళ్లీ ఆన్ చేయండి. రివర్స్ మోడ్ మోత, ఇండికేటర్ టిక్కుటిక్కు లోపాలు కావు, వాటిని వదిలేయండి.

[తెర మీద: నడుస్తుండగా]

ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడో, వెనక మనిషి ఉన్నప్పుడో మోగి, చదును రోడ్డు మీదికి రాగానే ఆగిపోతోందా? లెడ్ యాసిడ్ బ్యాటరీల బండి అయితే, ఒక బ్యాటరీ బలహీనపడి ఉండొచ్చు. 60 వోల్టుల బండిలో 12 వోల్టుల బ్యాటరీలు 5 వరుసగా కలిపి ఉంటాయి. సాధారణంగా ఒక్కోటి 10.5 వోల్టుల దాకా, అంటే మొత్తం 52.5 దాకా పడిపోతే, మోటారుకు కరెంటు పంపే కంట్రోలర్ దాన్ని ఆపేస్తుంది. నాలుగు బాగానే ఉన్నా, బరువు పడగానే ఐదోది కుంగిపోతే మొత్తం లెక్క కిందికి వస్తుంది. పూర్తిగా చార్జి చేసి, కొన్ని గంటలు వదిలేశాక, మెకానిక్‌తో మల్టీమీటర్ పెట్టించి ఒక్కోదాన్నీ విడిగా చూడమనండి. మంచి బ్యాటరీ 12.7 వోల్టులకు అటూ ఇటూగా చూపిస్తుంది. అన్నీ బాగానే కనిపిస్తే బండి మీద బరువు ఉండగా మళ్లీ కొలవాలి, దొంగ అక్కడే దొరుకుతాడు. లిథియం ప్యాక్ అయితే మాత్రం మూత తీయకండి, తీయనివ్వకండి. అది కంపెనీవాళ్ల పని.

వేడి వల్ల వచ్చే మోత వేరు. రోహిణి కార్తె ఎండలో, లేదా సింహాచలం కొండ రోడ్డు లాంటి ఎత్తు మీద ఇద్దరితో ఎక్కుతున్నప్పుడు, బీప్‌తో పాటు స్పీడు దానంతటదే తగ్గుతుంది. మోటారు, కంట్రోలర్ కాలిపోకుండా బండి తనను తాను కాపాడుకుంటోంది. నీడలో ఆపి అరగంట చల్లారనివ్వండి. నీళ్లు పోయకండి. ఎండ లేకున్నా, బరువు లేకున్నా ఇలా అవుతుంటే చూపించాల్సిందే.

[తెర మీద: చార్జింగ్‌లో. నెమ్మదిగా చెప్పాలి.]

ఇక్కడ కాస్త జాగ్రత్తగా వినండి. చార్జర్ ఆగి, మళ్లీ మొదలై, ప్రతిసారీ బీప్ ఇస్తుంటే ముందు ఇంటి కరెంటును అనుమానించండి. ఎండాకాలం సాయంత్రాల్లో వోల్టేజి పడిపోయే ఊళ్లు చాలా ఉన్నాయి. సరిగ్గా ఎర్త్ ఉన్న వేరే ఇంట్లో, పెద్ద ప్లగ్గుకు పెట్టి చూడండి. అక్కడ బాగుంటే బండిలో తప్పు లేదు. సన్న వైరు ఎక్స్‌టెన్షన్ బాక్సు అస్సలు వద్దు. చార్జింగ్‌లో ఉన్న బండిని తాకితే చెయ్యి జిల్లుమంటోందా, మెయిన్ ఆపేసి ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. ఆ రోజుకు చార్జింగ్ మానేయండి.

ఇక మీరు వెతుక్కుంటూ కూర్చోకూడని శబ్దం ఒకటుంది. బ్యాటరీ వేడి హెచ్చరిక. ఆగకుండా మోగుతుంది, డిస్‌ప్లే మీద బ్యాటరీ లేదా ఉష్ణోగ్రత గుర్తు వెలుగుతుంది. ప్యాక్ ఉబ్బినా, బుస్సుమన్నా, ఘాటు వాసన వచ్చినా మోత లేకున్నా అదే ప్రమాదం. 2022 ఏప్రిల్‌లో విజయవాడలో, నిజామాబాద్ జిల్లాలో ఇంట్లో చార్జింగ్ పెట్టిన బ్యాటరీలు పేలి మనుషులు చనిపోయారు. ఆ ఏడాది దేశంలో జరిగిన ఇలాంటి ప్రమాదాల తర్వాతే బ్యాటరీ భద్రతకు సంబంధించిన ఏఐఎస్ 156 ప్రమాణాన్ని కఠినం చేశారు. లోపల వేడి మితిమీరితే ముందుగానే శబ్దంతో, గుర్తుతో హెచ్చరించాలన్నది అందులో ఒక నిబంధన. బజర్ వైరు పీకొద్దని మొదట్లోనే బతిమాలింది ఇందుకే.

ఆ హెచ్చరిక వస్తే బండి దగ్గరికి వెళ్లకుండా ఎంసీబీ, అంటే ఇంటి కరెంటు బోర్డులోని స్విచ్, దించేయగలిగితే దించండి. లేదంటే అదీ వదిలేయండి. ఇంట్లో అందరినీ బయటికి తీసుకురండి. బ్యాటరీని చేత్తో ఎత్తి బయట పడేయాలని చూడకండి. 101కి గానీ 112కి గానీ ఫోన్ చేసి, లిథియం బ్యాటరీ అని చెప్పండి. ఇక రోజువారీ అలవాటుగా, తిరిగొచ్చిన వెంటనే కాకుండా బ్యాటరీ చల్లారాక చార్జింగ్ పెట్టండి. పడుకునే గదిలో, గుమ్మం దగ్గర, మెట్ల కింద వద్దు. మంటొస్తే బయటపడే దారి అదే కదా.

[తెర మీద: ఆగి ఉన్న బండి, రాత్రి]

తాళం వేసి ఉన్న బండి అర్ధరాత్రి అరుస్తుంటే అది దొంగల అలారం. లారీ వెళ్లినా, కుక్క ఎక్కినా మోగుతుంది. రిమోట్‌లో సెన్సిటివిటీ తగ్గించే వీలుంటే తగ్గించండి, రిమోట్ సెల్ మార్చండి. విడిగా 12 వోల్టుల చిన్న బ్యాటరీ ఉన్న బండి అయితే అదీ చూపించండి.

[తెర మీద: ఫోన్‌తో డిస్‌ప్లే వీడియో తీస్తున్న చెయ్యి]

సర్వీసు సెంటరుకు వెళ్లేసరికి బండి మోగడం మానేస్తుంది, "ఏం లేదండీ" అని పంపేస్తారు. అందుకని మోగుతున్నప్పుడే, బండి ఆపి, డిస్‌ప్లే కనిపించేలా, శబ్దం వినిపించేలా చిన్న వీడియో తీసుకోండి. అప్పుడు చార్జి ఎంత శాతం ఉంది, వాన పడిందా, ఎంతమంది ఎక్కారు, ఈ మధ్య సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ అయిందా, ఇవన్నీ రాసిపెట్టుకోండి. ఎర్రర్ కోడ్ ఏమొచ్చిందో జాబ్ కార్డు మీద రాయించుకున్నాకే చెరిపేయమనండి. పార్టు మార్చామంటే, పాతది చూపించమని అడగండి.