ఆకాశం మీద ఎవరి పెత్తనం? పాత సైన్స్ ఫిక్షన్ సినిమాలు, నేటి వాతావరణ వాదనలు: స్టూడియో చర్చ

యాంకర్: నమస్కారం. 2025 అక్టోబర్ 28న ఢిల్లీ మీద విమానం తిరిగింది, వాన కోసం మేఘాల్లో రసాయనం చల్లింది. చెప్పుకోదగ్గ వాన పడలేదు. ఆకాశంలో మనిషి వేలు పెట్టొచ్చా, పెడితే ఎవర్నడిగి పెట్టాలి అని అప్పట్నుంచి ఒకటే గొడవ. ఈ గొడవంతా యాభై, అరవై ఏళ్ల కిందటి సినిమాల్లోనే ఉంది. సినిమా ముందే చెప్పింది, మనం వినలేదు! ఇదీ ఇవాళ్టి చర్చ. వాతావరణ శాస్త్రవేత్త మేడమ్, సినీ విమర్శకులు, అనంతపురం రైతు నాయకులు మనతో ఉన్నారు. ముగ్గురికీ సమానంగా సమయం ఇస్తాను. మేడమ్, ముందు మీరు. ఢిల్లీలో ఎందుకు ఫెయిలైంది?

శాస్త్రవేత్త: మేఘంలో తేమ లేక. ఆ చల్లే సిల్వర్ అయొడైడ్ వానను పుట్టించదండి. దాని స్ఫటికం మంచు స్ఫటికంలా ఉంటుంది. సున్నా డిగ్రీల కిందకి పోయినా గడ్డకట్టకుండా తేలుతున్న నీటి బిందువులు దాన్ని ఆసరా చేసుకుని గడ్డకడతాయి, బరువెక్కి కిందికి దిగుతాయి. అందుకు మేఘం పైభాగం సుమారు మైనస్ 5 డిగ్రీలకన్నా చల్లగా ఉండాలి. వెచ్చటి మేఘమైతే ఉప్పు పొడి వాడతారు. ఏది వాడినా ముందు సరైన మేఘం కావాలి. ఆ రోజు తేమ 15 శాతం లోపే. అదే సోలాపూర్‌లో పుణే వాతావరణ పరిశోధన సంస్థ ఐఐటీఎం వాళ్లు వానాకాలంలో, అనువైన మేఘాలు ఎంచుకుని చేస్తే సగటున సుమారు 18 శాతం ఎక్కువ వాన...

విమర్శకుడు: అసలు విషయం ఇది కాదండీ!

యాంకర్: సర్, మీ దగ్గరికే వస్తున్నాను.

విమర్శకుడు: లేదు, ఇప్పుడే చెప్పాలి. వాన పడిందా లేదా అన్నది చిన్న ప్రశ్న. 1961లో బ్రిటన్‌లో ‘ది డే ది ఎర్త్ కాట్ ఫైర్’ తీశారు, దర్శకుడు వాల్ గెస్ట్. అమెరికా, సోవియట్ ఒకేసారి అణుపరీక్షలు చేస్తాయి. భూమి అక్షం ఒరుగుతుంది, కక్ష్య తప్పి సూర్యుడి వైపు జరుగుతుంది. లండన్ మాడిపోతుంది, థేమ్స్ ఎండుతుంది, నీళ్లకి రేషన్ పెడతారు. ప్రభుత్వం మాత్రం ఏమీ లేదంటుంది! నిజం బయటపెట్టేది ఎవరు? వాతావరణ శాఖలో పనిచేసే ఒక అమ్మాయి. ఆ అమ్మాయిని పట్టుకుపోయి నిర్బంధిస్తారు. మరి భూమిని సరిచెయ్యడానికి దేశాలు కనిపెట్టిన ఉపాయం? ఇంకొన్ని అణుబాంబులు! సైబీరియాలో పేలుస్తారు. ఏ చేత్తో చెడగొట్టారో అదే చేత్తో బాగుచేస్తామంటారు. ఇవాళ ఆకాశంలో గంధకం చల్లి ఎండ తగ్గిస్తామనేవాళ్ల మాట ఇదే కదా?

యాంకర్: అంటే సినిమా ముందే చెప్పింది!

శాస్త్రవేత్త: చెప్పలేదండి. అణుబాంబుకి భూమి కక్ష్య కదలదు. ఆ సినిమా వచ్చిన ఏడాదే, అక్టోబర్ 30న, సోవియట్ వాళ్లు 50 మెగాటన్నుల బాంబు పేల్చారు. భూమి చెక్కుచెదరలేదు. కాకపోతే ఒక లెక్క వినండి. ఇప్పుడు భూమి వదిలేదానికన్నా ఎక్కువగా పట్టి ఉంచుకుంటున్న వేడి చదరపు మీటరుకి సుమారు ఒక వాట్. ఒక్క వాటే అనిపిస్తుంది. భూమి మొత్తానికి కలిపితే, ఆ 50 మెగాటన్నుల బాంబు శక్తి ప్రతి ఏడు నిమిషాలకోసారి చేరుతున్నట్టు. చప్పుడు లేదు, వెలుగు లేదు, అందులో ఎక్కువ భాగం సముద్రంలోకి పోతోంది. అందుకే దాన్ని సినిమాగా తియ్యడం కష్టం. వాళ్లు బాంబు పెట్టారు.

విమర్శకుడు: చూశారా, మేడమే ఒప్పుకుంటున్నారు...

శాస్త్రవేత్త: నేను ఒప్పుకోలేదు...

యాంకర్: రైతు నాయకులు. అన్నా, మన దగ్గరా చేశారు కదా, మేఘమథనం?

రైతు నాయకుడు: చేసినారు సార్, ఉమ్మడి రాష్ట్రంలో. మా ప్రశ్న ఒకటే. వేరుశనగ ఊడలు దిగే దశలో రెండు మూడు వారాలు వాన తప్పిపోతే కాయ రాదు. విమానం ఎగరాల్సింది అప్పుడే. కానీ ఆ రోజుల్లో ఆకాశంలో మబ్బే ఉండదు. మబ్బున్న రోజు విమానం ఎగిరితే, పడిన వాన విమానంతో పడిందా, దాని పాటికి అదే పడిందా? లెక్క తేలాలంటే ఒకే రకం మబ్బుల్లో కొన్నిట్లో చల్లల్ల, కొన్ని వదిలెయ్యల్ల, చీటీ వేసి ఎంచుకోవల్ల. పక్క మండలంలో పడి మా మండలంలో పడకపోతే, మా మబ్బు మీరు గుంజుకున్నారని...

విమర్శకుడు: ఆ, ఇది కరెక్ట్! నా మబ్బు నువ్వు తీసుకున్నావు! ఇదే రాజకీయం. 1973లో ‘సాయిలెంట్ గ్రీన్’...

రైతు నాయకుడు: నేను ఇంకా పూర్తి చెయ్యలేదు సార్.

విమర్శకుడు: ఒక్క నిమిషం బ్రదర్, మీ మాటే నేను చెప్తున్నా. రిచర్డ్ ఫ్లైషర్ తీసిన ‘సాయిలెంట్ గ్రీన్’. కథ జరిగేది 2022, న్యూయార్క్. నాలుగు కోట్ల జనం. ఏడాది పొడుగునా ఉక్కపోత. ఎడ్వర్డ్ జి. రాబిన్సన్ చేసిన ముసలి పాత్ర గ్రీన్‌హౌస్ ఎఫెక్ట్ అన్న మాట నోటితో అంటుంది. 1973లో! ఆయన ఇంట్లో దీపం వెలగాలంటే సైకిల్ తొక్కాలి. డబ్బున్నవాడి ఫ్లాట్‌లో ఏసీ, వేడినీళ్లు. ఒక సీసా స్ట్రాబెర్రీ జామ్ 150 డాలర్లు. వేడి అందరికీ ఒకటే, చల్లదనం కొందరికే. ఈ సంగతి ఏ శాస్త్రీయ నివేదికలో ఉంది?

శాస్త్రవేత్త: ఆ సైకిల్ సంగతి చెప్పాలి. మామూలు మనిషి నిలకడగా తొక్కితే సుమారు 100 వాట్లు వస్తుంది. పది గంటలు తొక్కితే ఒక యూనిట్. ఒకటిన్నర టన్నుల ఏసీ నడవాలంటే పదిహేను మంది ఆగకుండా తొక్కాలి. దీపం వరకు ఆ సినిమా లెక్క సరిపోతుంది. జనాభా లెక్క దగ్గర పూర్తిగా తప్పింది. నేరం అంతా జనం మీద వేసింది. న్యూయార్క్ జనాభా ఇప్పటికీ కోటి లోపే. ప్రపంచ జనాభా 2022లో 800 కోట్లు దాటింది నిజమే, కానీ తిండి పంట అంతకన్నా వేగంగా పెరిగింది. ఒక భారతీయుడి వాటా ఏడాదికి రెండు టన్నుల కార్బన్ డయాక్సైడ్, అమెరికావాడిది పద్నాలుగు. తలలు లెక్కపెడితే తెలిసేది ఏముంది?

యాంకర్: జనాభా అన్నారు కాబట్టి... ఆంధ్రప్రదేశ్‌లో 2024లో ఇద్దరు పిల్లల నిబంధన ఎత్తేశారు. అప్పుడు ఎక్కువని భయం, ఇప్పుడు తక్కువని భయం. దీన్ని ఎలా చూడాలి?

రైతు నాయకుడు: అది స్థానిక ఎన్నికల్లో పోటీకి సంబంధించిన నిబంధన సార్. వాతావరణంతో సంబంధం లేదు.

విమర్శకుడు: సంబంధం ఉంది! భయం ఎవరు అమ్ముతారన్నది అక్కడే తెలుస్తుంది. హ్యారీ హ్యారిసన్ 1966లో రాసిన నవల నుంచి తీసిన సినిమా ‘సాయిలెంట్ గ్రీన్’. నవలలో ఆ చివరి రహస్యం లేదు. సినిమా వాళ్లు కలిపారు. కంపెనీ అమ్మే ఆకుపచ్చ బిళ్లలు సముద్రపు పాచితో కాదు, చచ్చిపోయిన మనుషులతో తయారవుతాయి. అందరికీ గుర్తున్నది ఇదే. నేను ఆపమనేది దీనికి ముందు సీన్ దగ్గర. కంపెనీ సొంతంగా సముద్రాల సర్వే చేయించుకుంటుంది. సముద్రం చచ్చిపోతోందని అందులో ఉంటుంది. ఆ నివేదికను దాచేస్తారు. దాని పేరులో సంవత్సరాలు ఉంటాయి, 2015 నుంచి 2019.

యాంకర్: 2015! పారిస్ ఒప్పందం జరిగిన సంవత్సరం! సినిమా ముందే...

శాస్త్రవేత్త: అది కాకతాళీయం. దయచేసి దాన్ని జోస్యం అనకండి.

విమర్శకుడు: జోస్యం అని నేనూ అనను. అంతకన్నా పెద్దది. 1977లో ఎక్సాన్ చమురు కంపెనీలో జేమ్స్ బ్లాక్ అనే శాస్త్రవేత్త తన యాజమాన్యానికి చెప్పాడు, మనం తవ్వుతున్న నూనెతో భూమి వేడెక్కుతుందని. 1979లో ఆ కంపెనీ ఒక మహా ట్యాంకర్ ఓడకి పరికరాలు బిగించి సముద్రం మీద కార్బన్ డయాక్సైడ్ కొలిపించింది. సొంత సర్వే! తర్వాత ఏళ్ల తరబడి, ఇంకా తేలలేదు, అనుమానాలున్నాయి అని జనానికి చెప్పింది. ఆ కాగితాలు పత్రికల్లోకి వచ్చింది 2015లో. సినిమా వచ్చింది 1973లో. ఎండ ఎన్ని డిగ్రీలని సినిమా చెప్పలేదు. తెలిసినవాడు ఏం చేస్తాడో చెప్పింది. తెలుసుకుంటాడు, దాస్తాడు, అమ్ముతాడు!

శాస్త్రవేత్త: ఈ ఒక్క చోట మీతో నాకు పేచీ లేదు. వరస మాత్రం తిరగేస్తున్నారు. ముందు చెప్పింది సినిమా కాదు. కార్బన్ డయాక్సైడ్ పెరిగితే భూమి ఎంత వేడెక్కుతుందో 1896లోనే స్వీడన్ శాస్త్రవేత్త అర్హీనియస్ లెక్క కట్టాడు. 1958లో అమెరికా శాస్త్రవేత్త కీలింగ్ హవాయిలోని మౌనా లోవా మీద కొలతలు మొదలుపెట్టేసరికి గాలిలో పది లక్షల భాగాలకి సుమారు 315 భాగాల కార్బన్ డయాక్సైడ్. సాయిలెంట్ గ్రీన్ నాటికి 330. కథ జరిగిన 2022 నాటికి 418. మనాబే, వెదరాల్డ్ అనే శాస్త్రవేత్తలు 1967లోనే, కార్బన్ రెట్టింపైతే సుమారు 2.3 డిగ్రీలు పెరుగుతుందన్నారు. ఆ సినిమా వాళ్లు కూడా పర్యావరణ నిపుణుణ్ణి సలహాదారుగా పెట్టుకున్నారు. అంటే సినిమా శాస్త్రం దగ్గర నేర్చుకుంది. ఇంకొకటి, ఇది మీ 1961 సినిమాకే దగ్గర. 1965లో అమెరికా అధ్యక్షుడికి ఇచ్చిన సలహా సంఘం నివేదికలో విరుగుడుగా ఏం రాశారో తెలుసా? పొగ తగ్గించమని కాదు, సముద్రం మీద వెలుగును తిప్పికొట్టే రేణువులు చల్లడం గురించి...

యాంకర్: అద్భుతం! అంటే సినిమాలోది ప్రభుత్వ కాగితంలోకి వచ్చింది!

శాస్త్రవేత్త: అలా నేను అనలేదు.

(ఇద్దరూ ఒకేసారి మాట్లాడుతున్నారు)

యాంకర్: మేడమ్, సూటిగా చెప్పండి. ఆకాశంలో గంధకం చల్లడం మంచిదా, చెడ్డదా?

శాస్త్రవేత్త: సూటిగా చెప్పే జవాబు కాదు. పని చేస్తుందని తెలుసు. 1991లో ఫిలిప్పీన్స్‌లో పినటూబో అగ్నిపర్వతం కోటిన్నర నుంచి రెండు కోట్ల టన్నుల సల్ఫర్ డయాక్సైడ్ పైకి చిమ్మింది. అది ఎండను తిప్పికొట్టే సన్నటి రేణువులుగా మారింది, భూమి సగటున అర డిగ్రీ చల్లబడింది. ఒకటి రెండేళ్లలో ఆ రేణువులు రాలిపోయాయి. అంటే ఎవరైనా మొదలుపెడితే ఏటేటా చల్లుతూనే ఉండాలి. కింద కార్బన్ పెరుగుతూ ఉండగా మధ్యలో ఆపితే, దాచిన వేడంతా కొద్ది ఏళ్లలోనే మీద పడుతుంది. చెట్టుకి, పంటకి సర్దుకునే వ్యవధి ఉండదు. పైగా పినటూబో తర్వాతి ఏడాది భూభాగాల మీద వాన తగ్గింది. మన రుతుపవనం నడిచేది నేలకి, సముద్రానికి మధ్య వేడి తేడాతో. నేల మీద ఎండ తగ్గితే ఆ తేడా తగ్గొచ్చు. ఎంత అన్నది...

రైతు నాయకుడు: అదే నేను అడిగేది! వాన తగ్గితే నష్టపరిహారం ఎవరిస్తారు? ఏ దేశం మీద కేసు వెయ్యల్ల?

విమర్శకుడు: 1961 సినిమాలోనూ ఎవర్నీ అడగలేదు. రెండు దేశాలు చెడగొట్టాయి, పెద్ద దేశాలే కూర్చుని తేల్చాయి. మిగతా ప్రపంచం రేడియో ముందు కూర్చుంది!

యాంకర్: ‘వాటర్‌వరల్డ్’ గురించి ప్రేక్షకులు అడుగుతున్నారు. విజయవాడ మునుగుతుందా?

శాస్త్రవేత్త: 1995 సినిమా. అందులో భూమి దాదాపు మొత్తం మునిగిపోతుంది. అంత నీళ్లు లేవు. భూమ్మీది మంచంతా కరిగినా సముద్రం 65, 70 మీటర్లే పెరుగుతుంది, అదీ ఎన్నో శతాబ్దాలు పట్టే పని. అప్పుడు విజయవాడ, రాజమండ్రి మునుగుతాయి. హైదరాబాద్ 500 మీటర్ల పైన ఉంది. ఈ శతాబ్దంలో మన ప్రశ్న 70 మీటర్లు కాదు. ఒక మీటరు లోపు పెరిగినా గోదావరి, కృష్ణా డెల్టాల్లో ఉప్పునీరు ఎంత లోపలికి వస్తుందన్నది. తుఫాను ఉప్పెన ఆ మీటరు మీద ఎక్కి వస్తుంది. నేల కుంగడం కూడా...

విమర్శకుడు: డెల్టా సంగతి తర్వాత. ‘సైలెంట్ రన్నింగ్’ చెప్పకుండా ఈ చర్చ ముగించడం అన్యాయం. 1972, డగ్లస్ ట్రంబుల్. భూమి మీద అడవి లేదు. మిగిలిన చెట్లని గాజు గుమ్మటాల్లో పెట్టి, ఓడల మీద శని గ్రహం దగ్గర తిప్పుతుంటారు. ఒకరోజు కబురొస్తుంది. గుమ్మటాలు పేల్చెయ్యండి, ఓడలు వ్యాపారానికి కావాలి. కోపం లేదు, ద్వేషం లేదు. ఓడలు కావాలి, అంతే! మొన్న 2025లో హైదరాబాద్ కంచ గచ్చిబౌలి 400 ఎకరాల్లో చెట్లు కొట్టే యంత్రాలు దిగినప్పుడు, సుప్రీంకోర్టు ఏప్రిల్ 3న ఆపమనేదాకా ఏం విన్నాం? భూమి అవసరం అని. ఆ మాటే!

యాంకర్: సర్, ఆ అంశం కోర్టు పరిధిలో...

విమర్శకుడు: నేను కోర్టు గురించి మాట్లాడట్లేదు. భాష గురించి మాట్లాడుతున్నా.

శాస్త్రవేత్త: ఆ సినిమాలో నాకు నచ్చింది వేరే. మొక్కలు వాడిపోతుంటే వృక్షశాస్త్రవేత్త అయిన కథానాయకుడికి కారణం వెంటనే తట్టదు. వెలుతురు చాలదు! శని దగ్గర ఎండ ఇక్కడి దాంట్లో తొంభయ్యో వంతు. చివరికి దీపాలు బిగిస్తాడు. అడవిని పెకలించి ఇంకోచోట పెడతాం అనేవాళ్లకి ఇది చెప్పాలి. చెట్టు ఒక్కటే అడవి కాదు. వెలుతురు, మట్టిలో బూజు, పరాగాన్ని మోసే పురుగు...

యాంకర్: సమయం అయిపోతోంది. మన తెలుగు సినిమా కూడా ముందే చెప్పింది కదా! ‘ఆదిత్య 369’?

విమర్శకుడు: 1991, సింగీతం శ్రీనివాసరావు గారు. టైమ్ మెషిన్ 2504కి వెళ్తుంది. జనం నేల కింద బతుకుతుంటారు. కారణం అణుయుద్ధం, కార్బన్ కాదు. గౌరవంగానే చెప్తున్నా, అది వాతావరణ సినిమా కాదు. ఇందులోకి దాన్ని లాగొద్దు.

యాంకర్: అన్నా, పది సెకన్లు.

రైతు నాయకుడు: నేను మొదట అడిగింది అట్లే ఉంది సార్. మబ్బు మీద హక్కు ఎవరిది? దానికి చట్టం...

యాంకర్: థాంక్యూ అన్నా. మేడమ్, అవునా కాదా ఒక్క మాట. సినిమా ముందే చెప్పిందా?

శాస్త్రవేత్త: కాదు. శాస్త్రం ముందే చెప్పింది. సినిమా...

యాంకర్: సర్, చివరి మాట మీది.

విమర్శకుడు: 1961 సినిమా చివర్లో పత్రికాఫీసులో రెండు మొదటి పేజీలు సిద్ధం చేసి పెడతారు. ఒకదాని మీద ప్రపంచం బతికిందని, రెండోదాని మీద ప్రపంచం అంతమని. ఏది అచ్చయిందో చూపించరు. ఢిల్లీ మీద చల్లినవాళ్లు, రేపు ఆకాశం పై పొర స్ట్రాటోస్ఫియర్‌లో గంధకం చల్లుతామనేవాళ్లు ఆ రెండు పేజీల్లో ఏది పడుతుందో మాకు తెలుసు అంటున్నారు. నేను అడిగేది, మీ కొలతలు బయటపెట్టండి! ఏ రోజు, ఎంత చల్లారు, ఏ మేఘంలో, వదిలేసిన పక్క మేఘంలో ఎంత పడింది...

రైతు నాయకుడు: అది నేను చెప్పిందే కదా సార్!

శాస్త్రవేత్త: సోలాపూర్ ఫలితాలు ప్రచురించే ఉన్నాయి, నేను మొదట్లోనే...

యాంకర్: క్షమించాలి, సమయం లేదు. సినిమా ముందే చెప్పింది అని సార్ గట్టిగా వాదించారు. చర్చలో పాల్గొన్న ముగ్గురికీ ధన్యవాదాలు.

విమర్శకుడు: నేను అలా అనలేదండీ, నేనన్నది...

(ప్రసారం ముగిసింది)