ఊరికే కూర్చున్నా నడిచే పంపులు

అందరికీ నమస్కారం.

రక్తం సంచులను బ్లడ్ బ్యాంకులో 2 నుంచి 6 డిగ్రీల చలిలో దాస్తారు. ఆ సంచిలో ఎర్ర రక్తకణాలు బతికే ఉంటాయి. అయినా రోజులు గడిచేకొద్దీ వాటి చుట్టూ ఉన్న ద్రవంలో పొటాషియం పెరుగుతూ పోతుంది. ఎవరూ కలపలేదు, కణాల్లోంచే కారుతోంది. ఇప్పుడు అందులోంచి కొన్ని కణాలు తీసి, కాస్త గ్లూకోజు ఇచ్చి, 37 డిగ్రీల వెచ్చదనంలో ఉంచండి. బయటికి పోయిన పొటాషియాన్ని మళ్లీ లోపలికి లాక్కోవడం మొదలుపెడతాయి! 1940ల మొదట్లోనే గమనించిన సంగతి ఇది. చలికి నెమ్మదించినదేమిటి? వెచ్చదనం, తిండి దొరకగానే మళ్లీ కదిలినదేమిటి? దాని గురించే ఈ రోజు మాట్లాడతాను.

నీరు పల్లమెరుగు అంటాం. కణం లోపలా బయటా కరిగి ఉన్న పదార్థాలదీ అదే దారి. ఎక్కువ ఉన్న చోటి నుంచి తక్కువ ఉన్న చోటికి వాటంతట అవే పోతాయి, దానికి శక్తి అక్కర్లేదు. కానీ మన ఒంట్లో ఏ కణాన్ని చూసినా పల్లం పూడిపోకుండా అలాగే ఉంటుంది. రక్తద్రవంలో సోడియం లీటరుకు దాదాపు 140 మిల్లీమోళ్లు, కణం లోపల పది పన్నెండు మాత్రమే. పొటాషియం దీనికి సరిగ్గా తలకిందులు: లోపల సుమారు 140, బయట నాలుగైదు. కణాన్ని చుట్టిన పొర నూనెలాంటి కొవ్వుతో చేసింది కాబట్టి ఈ అయాన్లు, అంటే విద్యుదావేశం ఉన్న సోడియం, పొటాషియం కణికలు, నేరుగా దాటలేవు. కాకపోతే పొరలో ప్రొటీన్లతో చేసిన సన్నని దారులున్నాయి, వాటిలోంచి అనుక్షణం కాస్తో కూస్తో కారుతూనే ఉంటాయి. చిల్లు పడవలో కూర్చున్నట్టే అన్నమాట. మునగకుండా ఉండాలంటే నీళ్లు తోడుతూనే ఉండాలి.

తోడేదెవరో పట్టుకున్నది యెన్స్ స్కూ అనే డానిష్ డాక్టరు. మత్తుమందు నరం మీద ఎలా పనిచేస్తుందో తెలుసుకుందామని మొదలుపెట్టి, ఆర్హుస్ విశ్వవిద్యాలయంలో పీతల కాళ్లలోని నరాలను నూరి పరీక్షించాడు. ఆ నూరినదాంట్లో ఏటీపీని విరగ్గొట్టే ఎంజైమ్ ఒకటి కనిపించింది. ఏటీపీ అంటే మీకు తెలిసిందే, మనం తిన్న తిండిలోని శక్తిని కణం ఖర్చు పెట్టుకోవడానికి వీలుగా మార్చుకున్న రూపం. విచిత్రమేమిటంటే, సోడియం, పొటాషియం రెండూ కలిపి ఇస్తేనే ఆ ఎంజైమ్ జోరందుకునేది. 1957లో ఆ వ్యాసం అచ్చయింది. ఆ వ్యాసం పేరులో ‘పంపు’ అన్న మాట పెట్టడానికి ఆయన వెనకాడాడు, అంత పెద్ద మాట అప్పుడే అనడం తొందరపాటేమోనని. నోబెల్ బహుమతి 1997లో వచ్చింది, అంటే నలభై ఏళ్ల తర్వాత. తన ఫలితం ఎంతవరకు చెబుతోందో అంతవరకే మాట్లాడిన ఆ సంయమనమంటే నాకు చాలా గౌరవం.

సోడియాన్ని బయటికి, పొటాషియాన్ని లోపలికి తోడే పంపు ఆ ఎంజైమే. ఇక దాన్ని దగ్గరగా చూద్దాం. పొరలో ఇరుక్కుని ఉన్న ఒక ప్రొటీన్ అది. మొదట దాని నోరు కణం లోపలికి తెరుచుకుని ఉంటుంది. మూడు సోడియం అయాన్లు వచ్చి కూర్చుంటాయి. ఒక ఏటీపీ తన చివరనున్న ఫాస్ఫేటు అనే ముక్కను తెంచి ఈ ప్రొటీన్‌కు అంటిస్తుంది. దాంతో ప్రొటీన్ మెలితిరిగి లోపలి నోరు మూసుకుంటుంది, బయటి నోరు తెరుచుకుంటుంది. ఇప్పుడు సోడియానికి అక్కడ పట్టు దొరకదు, జారిపోతుంది. ఆ ఖాళీలోకి బయటి నుంచి రెండు పొటాషియం అయాన్లు వస్తాయి. అంటుకున్న ఫాస్ఫేటు ఊడిపోతుంది, ప్రొటీన్ మళ్లీ లోపలి వైపు తిరుగుతుంది, పొటాషియం లోపల దిగుతుంది. రెండు నోళ్లూ ఒకేసారి తెరుచుకోవు. నాకు అన్నిటికన్నా అందంగా కనిపించేది ఇదే. ఒక్క క్షణం రెండూ తెరుచుకున్నా అది పంపు కాదు, చిల్లు అయిపోతుంది.

ఊరికే కూర్చున్నా ఆకలెందుకు వేస్తుందని పిల్లలు అడుగుతుంటారు. చాలా మంచి ప్రశ్న. విశ్రాంతిగా ఉన్నప్పుడు ఒంట్లో ఖర్చయ్యే శక్తిలో దాదాపు ఐదో వంతు ఈ ఒక్క పంపుకే పోతుంది. మెదడులోనైతే సగం దాకా. నరంలో సంకేతం పరుగెత్తిన ప్రతిసారీ కొంత సోడియం లోపలికి దూకుతుంది. దాన్ని మళ్లీ బయటికి తోడాలి కదా.

అయితే ఇదంతా కారినదాన్ని ఎత్తిపోసే చాకిరీ మాత్రమే అనుకోకండి. ఇలా కట్టిన తేడా కణానికి ఒక నిల్వ. ఆనకట్ట వెనక నీళ్లలాగా దాన్ని వేరే పనులకు వాడుకోవచ్చు. పేగు గోడలోని కణాన్ని తీసుకోండి. రక్తం వైపున్న పంపు సోడియాన్ని తోడేస్తూ లోపల తక్కువగా ఉంచుతుంది. అందుకని ఆహారం వైపు నుంచి సోడియం లోపలికి రావాలని తోసుకుంటుంది. అక్కడి తలుపు దగ్గర ఒక షరతు ఉంది: గ్లూకోజును వెంటబెట్టుకునే రావాలి. రెండు సోడియం అయాన్లకు ఒక గ్లూకోజు. లోపల గ్లూకోజు ఎక్కువే ఉన్నా సోడియం తోపులో అదీ వచ్చేస్తుంది. ఆ తలుపు దగ్గర ఏటీపీ ఒక్కటీ ఖర్చు కాదు. ఖర్చంతా అవతలి వైపు పంపుదే. ఈ రెండూ లోపలికి వెళ్తే నీళ్లూ వాటి వెంటే వెళ్తాయి.

ఓఆర్ఎస్ పొట్లంలో ఉప్పుతో పాటు గ్లూకోజు ఎందుకు కలుపుతారో ఇప్పుడు తెలిసింది కదా. రుచి కోసం కాదు. కలరాలో పేగులోంచి నీళ్లు ధారగా పోతున్నా ఈ తలుపు మాత్రం చెడిపోదు. 1971లో బంగ్లాదేశ్ యుద్ధ సమయాన, పశ్చిమ బెంగాల్‌లోని బనగావ్ శరణార్థి శిబిరంలో సెలైన్ నిండుకున్నప్పుడు డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు కలిపిన నీళ్లను డ్రమ్ముల్లో పెట్టి తాగించారు. మరణాలు సుమారు 30 శాతం నుంచి 3 శాతానికి దగ్గరగా పడిపోయాయి. ఈ సంగతి ఎన్నిసార్లు చెప్పినా నాకు గొంతు పట్టేస్తుంది.

ఇలాంటి పంపులు ఇంకా చాలా ఉన్నాయి. కడుపులో యాసిడ్ తయారుచేసేది ఒకటి. రక్తంతో పోలిస్తే పది లక్షల రెట్లకు పైగా గాఢతలో హైడ్రోజన్ అయాన్లను అది బయటికి నెడుతుంది. ఎసిడిటీకి వేసుకునే ఒమెప్రజోల్ ఆపేది దాన్నే. కండరంలో కాల్షియాన్ని తోడేది మరొకటి. అది తోడకపోతే బిగిసిన కండ సడలదు.

చివరిగా, పంపు ఆగితే ఏమవుతుందో చెబుతాను. మెదడులో ఒక రక్తనాళం మూసుకుపోయిందనుకోండి. ఎక్కువ స్ట్రోకుల్లో జరిగేది ఇదే. ఆక్సిజన్ అందదు, కొద్ది నిమిషాల్లోనే ఏటీపీ అడుగంటుతుంది. పంపులు నిలిచిపోతాయి. సోడియం లోపలికి వచ్చి చేరుతుంది, దాని వెంట నీళ్లు. కణాలు ఉబ్బుతాయి. ఉబ్బిన కణాల మధ్య నీటి కదలిక తగ్గిపోతుంది. ఎంఆర్ఐలో ఒక రకం స్కాన్ సరిగ్గా ఆ తగ్గిన కదలికనే పట్టుకుంటుంది. ఆ చిత్రంలో తెల్లగా మెరిసే మచ్చ కనిపిస్తే, అక్కడ తోడేవాళ్లు చేతులెత్తేశారని అర్థం. దాని చుట్టూ ఉన్న కణాల్లో చాలా వాటికి రక్తం తగ్గినా పంపులు ఇంకా పూర్తిగా ఆగి ఉండవు. మూతి వంకర పోయినా, చెయ్యి పడిపోయినా, మాట తడబడినా వెంటనే ఆసుపత్రికి పరుగెత్తమని చెప్పేది ఆ కణాల కోసమే. నాళాన్ని మూసేసిన రక్తపు గడ్డను కరిగించే మందు మామూలుగా నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలి. ఎంత ముందు ఇస్తే అంత ఎక్కువ పంపులు మిగులుతాయి.