పీకితే పెరిగే పగడం

అందరికీ నమస్కారం. ఇక్కడ కూర్చున్నవాళ్లలో సగం మంది రొయ్యల హేచరీల్లో పనిచేసేవాళ్లే. ఉప్పునీళ్ల గురించి మీకు నేను చెప్పేదేముంది! ఆ నీళ్లలోకి డబ్బులిచ్చి మరీ తెచ్చుకున్న తలనొప్పి గురించి చెప్తాను.

మూడేళ్ల కింద ఇంట్లో ఉప్పునీటి అక్వేరియం కోసం చెన్నైలో ఓ షాపులో గుప్పెడంత రాయి కొన్నాను. రాయి మీద ఊదారంగు పొర, పొర నిండా నారుమడిలా ఊగే పచ్చటి పాలిప్స్, అంటే పువ్వుల్లాంటి చిట్టి పగడపు జీవులు. ఈ మెత్త పగడాన్ని (సాఫ్ట్ కోరల్) గ్రీన్ స్టార్ పాలిప్స్ అంటారు. "ఏం చేసినా చావదు సార్" అన్నాడు షాపతను. మెచ్చుకుంటున్నాడనుకున్నాను. ఎనిమిది నెలలకు ఆ పొర రాళ్లన్నీ దాటి ట్యాంకు వెనక అద్దం ఎక్కింది.

చిరాకేసి ఓ రాత్రి కత్తి పుచ్చుకుని ట్యాంకులోనే గీకేశాను. తుంగ పీకినవాడికి తెలుసు, గడ్డ లోపలే ఉంటుందని. ఇక్కడ అంతకన్నా ఘోరం. గోరంత ముక్క చాలు, పంపు దాన్ని లాక్కెళ్లి ఎక్కడ పడేస్తే అక్కడ అంటుకుంటుంది. నెల తిరిగేసరికి మూడు కొత్తచోట్ల ఊదా మచ్చలు.

అందుకే గీకే ముందు అది ఏ రకమో గుర్తుపట్టండి. మెత్త పగడాల పాలిప్‌కి టెంటకిల్స్, అంటే చుట్టూ ఉండే చేతులు, ఎనిమిదే. వాటిలో జెనియా అనే రకం అయితే గుప్పిట మూసి తెరిచినట్టు ఆడుతూ ఉంటుంది. కెన్యా ట్రీ అనే రకం తన కొమ్మల్ని తనే రాల్చి నాటుకుంటుంది. ఎనిమిదికి మించి, చుట్టూ నున్నటి కుచ్చులా ఉంటే అది జోవాంథిడ్ కావచ్చు, మెత్త పగడం కాదు. వాటిలో కొన్నింట్లో పాలీటాక్సిన్ అనే గట్టి విషం ఉంటుంది. గ్లవ్స్, కళ్లద్దాలు లేకుండా ముట్టొద్దు. రాయిని ఉడకబెట్టడం అసలే వద్దు, ఆ ఆవిరి పీల్చి ఇంటిల్లిపాదీ ఆస్పత్రి పాలైన సందర్భాలున్నాయి.

వదిలించుకోవాలంటే రాయిని బయటికి తీసి, బకెట్‌లో పెట్టి గీకాలి. రాయి కదలకపోతే సున్నం, అంటే కాల్షియం హైడ్రాక్సైడ్, ముద్దగా కలిపి పంపులు ఆపి పొర మీద పెట్టాలి. రోజుకు రూపాయి బిళ్లంత చాలు. ఎక్కువ పెడితే నీళ్ల పీహెచ్ ఎగబాకుతుంది, అప్పుడు ఏమవుతుందో చెరువులు చూసేవాళ్లకు నేను చెప్పక్కర్లేదు. కిళ్లీ సున్నం మాత్రం వద్దు, అందులో ఇంకేం కలిపారో మనకు తెలియదు. మేత కూడా తగ్గించండి. మురికి నీళ్లంటే జెనియాకి పండగ.

అసలు మొదట్లోనే ఆ రాయిని ఇసుక మధ్యలో, మిగతా రాళ్లకు జానెడు దూరంలో ఒంటరిగా పెట్టుకుంటే ఈ గొడవే ఉండదు. అంచు దాటబోతుంటే అప్పుడప్పుడు కత్తిరిస్తే సరిపోతుంది.

గీకి తీసిందాన్ని ఎండలో ఎండబెట్టి చెత్తలో వేయండి. మైపాడు సముద్రంలోనో, బకింగ్‌హామ్ కాలువలోనో కలపొద్దు. జెనియా కుటుంబానిదే ఉనోమియా అనే పగడం వెనిజులాలో మోచిమా తీరంలో పడి అక్కడి పగడాల్ని కప్పేసింది. 2020లో హవాయిలో పెర్ల్ హార్బర్‌లోనూ కనిపించింది. సర్కారు తుమ్మను చూసిన ప్రకాశం జిల్లావాళ్లకు ఇది కొత్త కథేం కాదు.

నా ట్యాంకు వెనక అద్దం మీది పొరను ఇక కదపలేదు. ఆ గోడ దానికే రాసిచ్చేశాను. ఇదిగో, ఈ బకెట్‌లో దాని ముక్కే తెచ్చాను, భూతద్దం కూడా ఉంది. వేలితో మెల్లగా తాకండి, పచ్చదనమంతా లోపలికి పోయి ఉత్త ఊదా పొరే మిగులుతుంది.