బడి గేటుకు 50 మీటర్లు

(ఒంగోలు స్టూడియో చర్చ నుంచి)

యాంకర్: బడి పిల్లలు ఎందుకు బరువెక్కుతున్నారో మాట్లాడుకుందాం. ముందు మీరు చెప్పండమ్మా.

తల్లి: మా వాడు ఐదో తరగతి. ఇంట్లో ఇడ్లీ, బాక్సులో పప్పన్నం. తేడా ఎక్కడుందో తెలియలేదు. ఓ సాయంత్రం తీసుకురావడానికి వెళ్తే గేటు పక్కనే అంగడి. స్టడీ అవర్‌కి ముందు పిల్లలంతా అక్కడే, చిప్స్, కూల్‌డ్రింకులతో. వాడొక్కణ్ణే ఏమని తిట్టను?

డాక్టర్: తిట్టకండమ్మా. పొద్దున ఎనిమిదికి వెళ్లిన పిల్లాడికి సాయంత్రం ఆకలేస్తుంది, ఎదురుగా ఉన్నది తింటాడు. 300 మిల్లీలీటర్ల కోలాలోనే చక్కెర 30 గ్రాములు దాటుతుంది. రోజు మొత్తానికి సుమారు 25 గ్రాములు మించొద్దని జాతీయ పోషకాహార సంస్థ 2024లో చెప్పింది.

యాంకర్: దీనికి రూల్ ఏమీ లేదా అండీ?

డాక్టర్: ఉంది. కొవ్వు, చక్కెర, ఉప్పు ఎక్కువున్నవి బడిలోనూ, గేటు నుంచి 50 మీటర్ల లోపలా అమ్మకూడదని 2020లోనే నిబంధన వచ్చింది.

పీఈటీ (ఆటల మాస్టారు): అంగడాయన్ని తరిమేయమని నేను అనను. ఆయనకీ అదే బతుకుతెరువు. శనగ గుగ్గిళ్లు, నిమ్మకాయ నీళ్లు పెట్టమందాం. శనగలు మన ప్రకాశంలో పండేవే, నిమ్మకాయలు పొదలకూరు నుంచి వస్తాయి. నా బాధంతా ఆట గురించి. రోజుకు గంటసేపు పిల్లల ఒళ్లు అలవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. మా బడిలో నాకు వారానికి రెండు పీరియడ్లు. పరీక్షలు దగ్గరపడితే అవీ లెక్కల మాస్టారికే. కొన్ని బడులకైతే గ్రౌండే లేదు, అపార్ట్‌మెంట్లలో నడుస్తున్నాయి. పిల్లలు ఎక్కడ పరిగెత్తాలి?

తల్లి: మా వాడు ఆటకే పోనంటున్నాడండీ. 'బొండాం' అని పిలుస్తారంట. (కాసేపు ఆగి) రాత్రి నాతో చెప్పి ఏడ్చాడు.

పీఈటీ: అది పిల్లల తప్పు కాదమ్మా, మా తప్పు. జట్లు వాళ్లనే ఎంచుకోమంటే లావుగా ఉన్నవాడు చివరికి మిగులుతాడు. అందుకే జట్లు నేనే వేస్తాను.

డాక్టర్: బరువు చూసేటప్పుడూ అంతే. నలుగురి ముందు అంకె పైకి చదవొద్దు. పక్కకు పిలిచి, తల్లిదండ్రులకు చెప్పాలి.

యాంకర్: రేపే మొదలుపెట్టాలంటే?

తల్లి: శనివారం పేరెంట్స్ మీటింగ్ ఉంది. ఇన్నాళ్లూ మార్కులే అడిగాం. ఈసారి స్టడీ అవర్‌కి ముందు అరగంట ఆట, ఇన్ని గుగ్గిళ్లు అడుగుతా. మాస్టారూ, మీరూ రాగలరా?

పీఈటీ: మాది వేరే బడి గానీ, వస్తానమ్మా. టైం చెప్పండి.