దవడ ఎక్స్‌రేలో నల్లమచ్చ: అన్నీ చీముగడ్డలు కావండి

నమస్కారమండి. పాలకొల్లు నుంచి ఒకావిడ ఎక్స్‌రే ఫొటో పంపి, "కింది దవడలో పంటి వేరు దగ్గర నల్లగా ఉంది, చీముగడ్డేనా?" అని టెన్షన్ పడుతూ అడిగారు. నలుపంటే అక్కడ కిరణాలకు అడ్డం తక్కువని, అంతే. దానికదే జబ్బు కాదు.

స్క్రీన్ మీద ఈ ఓపీజీ, అంటే రెండు దవడలూ ఒకే ఫిల్ములో కనబడే ఎక్స్‌రే, చూడండి. మీకు ఎడమపక్క కనబడేది పేషెంటు కుడిపక్క. కింది ప్రీమోలార్ పళ్ల (కోరపన్నుకూ దవడపళ్లకూ మధ్య ఉండేవి) వేళ్ల దగ్గర గుండ్రటి నల్లమచ్చ ఉంది కదా, అది మెంటల్ ఫొరామెన్. గడ్డానికి, కింది పెదవికి స్పర్శనిచ్చే నరం బయటికొచ్చే రంధ్రం. ఫిల్ములో అది సరిగ్గా వేరు కొస మీద పడిందంటే అచ్చం చీముగడ్డే అనిపిస్తుంది. జూమ్ చేస్తున్నాను. వేరు చుట్టూ సన్నటి తెల్లగీత కనబడుతోందా? దాన్ని లామినా డ్యూరా అంటారు. ఎక్కడా తెగలేదు, అంటే వేరు కొసన చీముగడ్డ లేనట్టే. ఫిల్మును ట్యూబ్‌లైటుకు అడ్డంపెట్టి తీసిన ఫొటోలో ఈ గీత దొరకదు, అందుకే సెంటర్‌లో ఒరిజినల్ ఫైలే అడగండి. అప్పటికీ అనుమానమైతే కోణం మార్చి ఇంకో చిన్న ఫిల్ము తీస్తారు. రంధ్రమైతే వేరు నుంచి పక్కకు జరుగుతుంది, గడ్డయితే వేరునే అంటిపెట్టుకుని ఉంటుంది. చల్లటిది తగిలిస్తే పన్ను జివ్వుమందా, నరం బతికే ఉన్నట్టు. ఇవేవీ చూడకుండా రూట్ కెనాల్ మొదలుపెడితే నిక్షేపంలాంటి పంటిని చేజేతులా పాడుచేసినట్టే. నాకు బాధ కలిగించేది అదేనండి.

నిజంగా గడ్డే అయితే నేను ముందు చూసేది అంచు. నెమ్మదిగా పెరిగే తిత్తి (సిస్ట్) చుట్టూ చేపలచెరువు గట్టులా తెల్లటి అంచు కడుతుంది. ఆ అంచు చెదిరిపోయి, మచ్చ ఎక్కడ ఆగిందో తెలియకపోతే ఇన్ఫెక్షన్ కావచ్చు, క్యాన్సర్ కావచ్చు. చుట్ట, గుట్కా అలవాటున్నవాళ్లయితే ఒక్కరోజు కూడా ఆగకండి.

తర్వాత చోటు. బయటికి రాని జ్ఞానదంతం తలను చుట్టుకుని, పంటి మెడ దగ్గర పట్టుకుని ఉంటే డెంటిజీరస్ తిత్తి అనుకోవచ్చు. దవడ వెనకభాగాన గదులు గదులుగా కనబడి, ఎముకను ఉబ్బించి, వేళ్లను అరగదీసి ఉంటే అమెలోబ్లాస్టోమా అనే దవడ కణితిని అనుమానించాలి. చాలాసార్లు నొప్పే ఉండదు. ఇంకొకటి, కెరటోసిస్ట్ అనే తిత్తి, పెద్దగా ఉబ్బకుండా ఎముక లోపలే పొడుగునా పాకుతుంది. కాబట్టి బుగ్గ వాచలేదని ధీమాగా ఉండకండి.

ఫిల్ము చూసి అనుమానం చెప్పగలం, పేరు ఖాయం చేసేది బయాప్సీయే, అంటే చిన్న ముక్క తీసి చేసే పరీక్ష. మన దగ్గర భీమవరంలోనూ రాజమండ్రిలోనూ డెంటల్ కాలేజీలున్నాయి. వెళ్లేటప్పుడు పాత ఎక్స్‌రే ఉంటే తప్పకుండా పట్టుకెళ్లండి, మచ్చ పెరుగుతోందో లేదో రెండూ పక్కపక్కన పెట్టి చూస్తారు.