‘నాకు’ వచ్చిన చోట ‘ఐ గాట్’

అమ్మాయిలూ, అబ్బాయిలూ, వెనక నిలబడే ఉన్న పెద్దలూ, అందరికీ నమస్కారం. ముందు వరసలో కుర్చీలు ఖాళీగా ఉన్నాయి, వచ్చి కూర్చోండి. ఇవాళ మన సంగతి ఇంగ్లీషులో ‘గెట్’ అనే చిన్న మాట, దాని భూతకాలం ‘గాట్’.

మాది చిత్తూరు పక్కన పల్లె. పదో తరగతి దాకా తెలుగు మీడియమే. ఇంటర్‌లో చేరిన కొత్తల్లో మా ఇంగ్లీషు సారు ఏదో పాఠం చెప్పి, నా వైపు తిరిగి “డిడ్ యు గెట్ ఇట్?” అన్నారు. గెట్ అంటే ‘పొందుట’ అని గైడులో బట్టీపట్టి ఉన్నా. సారు కాగితాలేవో పంచినట్టుంది, మా బెంచీ దాకా రాలేదేమో అనుకుని, లేచి నిలబడి “నో సార్, నాట్ కమ్ హియర్” అన్నా. ఆయన అడిగింది పాఠం తలకెక్కిందా అని!

తప్పు నాదే, కాదనను. కానీ ఆ గైడుకూ కొంత వాటా ఉంది. ‘పొందుట’ అట! మన ఇళ్ళలో ఎవరన్నా “నేను జ్వరాన్ని పొందాను” అంటారా? “నాకు జ్వరం వచ్చింది” అంటాం. “నాకు ఉద్యోగం వచ్చింది”, “నాకు టికెట్టు దొరికింది”, “నాకు కోపం వచ్చింది”, “నాకు దెబ్బ తగిలింది”, “నాకు అర్థమైంది” అంటాం. ఈ వాక్యాల్లో మనం కర్తలం కాము. జ్వరమూ, ఉద్యోగమూ, కోపమూ వాటంతటవే నడిచి మన దగ్గరికి వస్తాయి. మనం ‘నాకు’ అని ఓ పక్కన నిలబడతాం.

ఇంగ్లీషువాడు అలా పక్కన నిలబడడు. ‘ఐ’ అంటూ ముందుకొస్తాడు. ఐ గాట్ ఎ ఫీవర్. ఐ గాట్ ఎ జాబ్. ఐ గాట్ ఎ టికెట్. ఐ గాట్ యాంగ్రీ. ఐ గాట్ హర్ట్. ఐ గాట్ ఇట్. మన క్రియలు వచ్చింది, దొరికింది, తగిలింది, అయింది అని మారుతూ పోతుంటే, అన్ని చోట్లా వాడిది ఒక్క గాటే. మా విద్యార్థి ఒకడు సెలవు చీటీలో “ఫీవర్ కేమ్ టు మి” అని రాశాడు. ఆ జ్వరం ఆర్టీసీ బస్సెక్కి వీడిని వెతుక్కుంటూ వచ్చినట్టుంది చదివితే.

కాబట్టి నోట్సు రాసుకునేవాళ్ళు ‘పొందుట’ కొట్టేసి ఇది రాసుకోండి: తెలుగులో ‘నాకు’తో మొదలై వచ్చింది, దొరికింది, అయింది అని ముగిసే వాక్యం తగిలితే, ముందు ‘ఐ గాట్’ పెట్టి చూడాలి. పదింట ఎన్నిసార్లు అతుకుతుందని అడక్కండి, లెక్క కట్టలేదు. అతకని చోట్లూ ఉన్నాయి. “నాకు ఆలస్యమైంది” అనడానికి “ఐ గాట్ లేట్” అనేవాళ్ళు మన దగ్గర చాలామంది. అక్కడ “ఐ యామ్ లేట్” అంటే సరిపోతుంది. పొద్దుపోయిందని చెప్పాలంటే “ఇట్ గాట్ లేట్” బ్రహ్మాండంగా నడుస్తుంది.

ఇంకో మెలిక. “నాకు జ్వరం వచ్చింది” వేరు, “నాకు జ్వరంగా ఉంది” వేరు. మొదటిదానికి గాట్, రెండోదానికి హావ్. లేనిది కొత్తగా వస్తే గెట్, వచ్చి కూర్చున్నాక హావ్. మరి “ఐ హావ్ గాట్ ఎ బైక్” సంగతేంటి అని మూడో వరసలో ఎవరో గొణుగుతున్నారు. నిజమే, అది ‘నాకు బండి ఉంది’ అనే. బ్రిటిష్ వాళ్ళ మాటల్లో ఎక్కువగా వినిపిస్తుంది. ఆ జంటను విడదీయకుండా ఒకే మాటగా గుర్తుపెట్టుకోండి.

ఇప్పుడు మన తిరుపతి వాళ్ళకు చెప్పకుండానే తెలియాల్సిన చోటికి వస్తా. కొండ మీద కల్యాణకట్టలో తలనీలాలిచ్చి వచ్చిన కుర్రాడొకడు క్లాసులో “ఐ షేవ్డ్ మై హెడ్” అన్నాడు. వినేవాడికి ముందు తోచేదేమిటి? కత్తి తానే పట్టుకుని, అద్దం ముందు కూర్చుని గీసుకున్నాడని. తెలుగులో ఆ పిల్లోడు ఈ తప్పు చెయ్యనే చెయ్యడు. “గుండు కొట్టించుకున్నా సార్” అంటాడు. ఆ ‘ఇంచు’ చూశారా? పని ఇంకొకరిది, తల మనది. ఇంగ్లీషులో క్రియకు తగిలించడానికి అలాంటి ‘ఇంచు’ లేదు. ఆ పని గెట్ చేస్తుంది: “ఐ గాట్ మై హెడ్ షేవ్డ్”. చొక్కా కుట్టించుకున్నా, ఐ గాట్ ఎ షర్ట్ స్టిచ్డ్. బండి బాగుచేయించా, ఐ గాట్ మై బైక్ రిపేర్డ్. వస్తువు మధ్యలో, క్రియ మూడో రూపంలో చివర. దర్జీ పేరు, మెకానిక్కు పేరు ఎక్కడా రాదు, మన తెలుగులోలాగే.

మనిషి పేరు చెప్పాలంటే “ఐ గాట్ మై బ్రదర్ టు ఫిల్ ది ఫారం”. మా తమ్ముడి చేత నింపించా. మేక్ వాడితే ఆ ‘టు’ ఎగిరిపోతుంది: “ఐ మేడ్ మై బ్రదర్ ఫిల్ ది ఫారం”. అర్థం కూడా కాస్త మారుతుంది. గాట్‌లో బతిమాలో, టీ తాగించో ఒప్పించిన వాసన ఉంటుంది. మేడ్‌లో చెవి మెలేసిన వాసన.

కొండ దాకా వచ్చాం కాబట్టి ఇదీ వినండి. అలిపిరి నుంచి 3,550 మెట్లెక్కి పైకి చేరితే “వి గాట్ టు తిరుమల”. అదే రీచ్ వాడితే ‘టు’ పెట్టకూడదు, “వి రీచ్డ్ తిరుమల” అంతే. ఇంటికి చేరితే మాత్రం గెట్‌కు కూడా ‘టు’ అక్కర్లేదు, “ఐ గాట్ హోమ్”. బస్సులో మనం అనే “గెట్ డౌన్” మన దేశంలో అందరికీ తెలుస్తుంది. బయటి దేశాల్లో బస్సుకు “గెట్ ఆఫ్” అంటారు, కారుకైతే “గెట్ అవుట్”. అక్కడ ఎవరన్నా గట్టిగా “గెట్ డౌన్!” అని అరిస్తే దిగడం కాదు, తల వంచుకుని నేలకు అంటుకోవడం.

పెళ్ళి సంగతి ఒక్క ముక్క. “గాట్ మ్యారీడ్ టు”. ‘విత్’ కాదు. మన ‘తో’ అక్కడ వద్దు.

ఈ గెట్ అనే మాట ఇంగ్లీషులోకి క్రీ.శ. 1200 ప్రాంతంలో నార్స్ నుంచి, అంటే స్కాండినేవియా వాళ్ళ పాత భాష నుంచి వచ్చింది. ఫర్గెట్ దీని దగ్గరి చుట్టమే. అంత పాతదైనా, ఇప్పటికీ ఎక్కువగా నోటి మాటే. దరఖాస్తులో “ఐ గాట్ యువర్ లెటర్” రాస్తే తప్పు కాదు గానీ, అక్కడ “రిసీవ్డ్” అందంగా ఉంటుంది. మనకూ అంతే కదా. మా పల్లెలో టికెట్టు ‘చిక్కింది’, ఇక్కడ ఊళ్ళో ‘దొరికింది’, ప్రకటనలో ‘లభించును’.

సరే, మైకు అటు పంపిస్తున్నా. ఒక్కొక్కరు ‘నాకు’తో మొదలయ్యే వాక్యం తెలుగులో చెప్పండి, పక్కన కూర్చున్నవాళ్ళు ఇంగ్లీషులోకి మార్చాలి. “నాకు ఆకలేస్తోంది” అని మాత్రం ఇప్పుడే అనొద్దు, భోజనాలకు ఇంకా అరగంట ఉంది.